మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే టీకా అందరికీ న్యాయంగా అందేలా చిన్న స్వచ్ఛంద సంస్థలు ఏం చేయగలవు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీది నలుగురు స్నేహితులు కలిసి నడుపుతున్న చిన్న సంస్థ. కోవిడ్ రోజుల్లో బియ్యం, పప్పులు పంచారు. టీకాల దగ్గరికొచ్చేసరికి మాత్రం మన చేతిలో ఏముందిలే అని ఆగిపోయారు. మళ్లీ అలాంటి రోజులొస్తే చందాలు పోగేసి టీకాలు కొని పేదవాళ్లకు వేయిస్తే బాగుంటుందా అని అడుగుతున్నారు.

కొనడం గురించి కిందికి వెళ్లాక చెబుతాను. ముందు నేను చూసింది చెప్పాలి. 2021లో నేను భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, భద్రాచలం దాటాక చర్ల, దుమ్ముగూడెం వైపు పనిచేసే ఒక చిన్న సంస్థలో ఉన్నాను. ప్రభుత్వ కేంద్రాల్లో టీకా ఉచితమే. 45 దాటినవాళ్లకు ముందు నుంచీ, 2021 జూన్ 21 నుంచి పద్దెనిమిది దాటిన వాళ్లందరికీ కేంద్రం ఇచ్చిన డోసులే. అయినా కొన్ని గుంపుల్లో, అంటే అడవిలోని చిన్న చిన్న ఆవాసాల్లో, ఒక్కరు కూడా వేసుకోలేదు. ధర టీకాకు లేదు గానీ దాని చుట్టూ ఉన్న ప్రతిదానికీ ఉంది. ఫోన్, ఓటీపీ, ఆధార్, దారి ఖర్చు, పోయిన కూలి, మర్నాటి జ్వరం. సంస్థలు పట్టించుకోవాల్సింది వీటినే.

ఫోన్ సంగతే చూడండి. 2021 మే 1న 18–44 ఏళ్లవాళ్లకు టీకా తెరిచినప్పుడు టీకా నమోదు పోర్టల్ కోవిన్‌లో ముందుగా స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లకే అన్నారు. అప్పటికి ఆ పోర్టల్ తెలుగులో కూడా లేదు, జూన్‌లో వచ్చింది. నేరుగా టీకా కేంద్రానికి వెళ్లి పేరు రాయించుకోవచ్చని మే 24న సడలించారు. సుప్రీంకోర్టు కూడా మే 31 నాటి ఉత్తర్వులో ఈ డిజిటల్ అంతరం గురించి గట్టిగానే అడిగింది. ఆ మధ్యలో జరిగిందేమిటంటే, నెట్ బాగా వచ్చేవాళ్లు, వేళ్లు చురుగ్గా కదిలేవాళ్లు పల్లెల్లోని స్లాట్లు కూడా పట్టేశారు. వాళ్లు కార్లలో వచ్చి వేయించుకుని వెళ్తుంటే, ఆ ఊరివాళ్లు పక్కనే చెట్టు కింద కూర్చుని చూసేవాళ్లు. వచ్చినవాళ్లను తిట్టి లాభం లేదు, ప్రాణభయం అందరికీ ఒకటే. కానీ కొత్త విధానం పెట్టిన మొదటి వారంలోనే దానివల్ల ఎవరు బయట పడిపోతున్నారో రాసి కలెక్టరేట్‌కు, పేపర్లకు చేరవేసే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ పని సంస్థలకే కుదురుతుంది. ఆశా కార్యకర్తకు అది కుదరదు, ఆమెకు పైనుంచి టార్గెట్లు ఉంటాయి.

ఇక కాగితాలు. మా వైపు అడవిలో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయ ఆదివాసీల గుంపులు ఉన్నాయి. చాలామందికి ఆధార్ లేదు. ఉన్నా అది అవతలి రాష్ట్రం చిరునామాతో ఉంటుంది. అసలు గుర్తింపు కార్డు లేనివాళ్లకు కూడా టీకా వేయవచ్చని, ఒక సహాయకుడి ఫోన్, కార్డు ఆధారంగా ప్రత్యేక శిబిరం పెట్టి పేర్లు ఎక్కించవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2021 మే 6నే మార్గదర్శకాలు ఇచ్చింది. సంచార జాతులు, ఖైదీలు, వృద్ధాశ్రమాల్లో ఉండేవాళ్లు, రోడ్ల పక్కన బతికేవాళ్లు అందరూ అందులో వస్తారు. కానీ మేం వెళ్లిన ఒక కేంద్రంలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. కంప్యూటర్ ముందున్న అబ్బాయి "ఆధార్ లేకుండా ఎంట్రీ పడదు సార్" అనే అన్నాడు. అతనికి చెప్పినవాళ్లు లేరు. అందుకని ఆ ఉత్తర్వు ప్రింటు తీసి, అవసరమైన వాక్యం కింద గీత గీసి, సంచిలో పెట్టుకుని తిరిగేవాళ్లం. డాక్టర్ గారు చదివి, పైకి ఫోన్ చేసి, శిబిరానికి ఒప్పుకున్నారు. ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. ఉత్తర్వు ఉండటం వేరు, అది కింది ఉద్యోగి బల్లమీదికి చేరడం వేరు. ఆ మధ్య దూరంలో నడవడానికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా నేను నేర్చుకున్నది వయల్, అంటే టీకా సీసా లెక్క. బయటివాళ్లకు ఇది అంతగా తెలియదు. కోవిషీల్డ్ ఒక్కో వయల్‌లో పది డోసులు. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. వృథా ఎంతయిందో పైవాళ్లు లెక్క అడుగుతారు. ఇప్పుడు ఊళ్లకు వచ్చి టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం అక్క స్థానంలో మిమ్మల్ని పెట్టుకోండి. పాతిక ఇళ్ల గుంపు, ఒప్పుకున్నది ఆరుగురు. వయల్ తెరిస్తే నాలుగు డోసులు నేలపాలు, తెరవకపోతే ఆరుగురు ఒట్టి చేతులతో ఇంటికి. ఎక్కువసార్లు రెండోదే జరుగుతుంది. "పదిమంది అయినాక ఫోన్ చేయండి, వస్తా" అంటుంది. ఆ పదిమంది ఎప్పటికీ కారు. పెద్ద ఊళ్లో ఈ సమస్యే లేదు, పదకొండోవాడు లైన్లో ఉంటాడు. చిన్న గుంపును ఎవరూ కావాలని వదిలేయలేదు, సీసా కొలత వదిలేసింది.

ఒక రోజు బాగా గుర్తుంది. ఆగస్టు, నాట్ల కాలం. ఆడవాళ్లంతా పొద్దున్నే పొలాలకు వెళ్లి చీకటిపడే వేళకు వస్తారు. శిబిరం వేళలేమో పది నుంచి నాలుగు. అక్కను బతిమాలి సాయంత్రానికి రప్పించాం. వాగులో మోకాలు దాటి నీళ్లు. టీకాలను చల్లగా ఉంచే నీలం రంగు పెట్టె, వ్యాక్సిన్ క్యారియర్‌ను భుజానికెత్తుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని దాటింది. ఇవతల చూస్తే ఏడుగురే ఉన్నారు. ఆమె క్యారియర్ మూత తీయలేదు, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మా కుర్రాడు బండి మీద పక్క గుంపుకు వెళ్లాడు. ఎండు గడ్డి పరిచిన పాక కింద మేమంతా ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. కాసేపటికి ముగ్గురు ఆడవాళ్లు నడిచి వచ్చారు, పిక్కల దాకా బురద ఇంకా ఆరలేదు. అప్పుడు తెరిచింది. ఆ తర్వాత మా సంస్థ చేసిన పనంతా దాదాపు ఇదే. దగ్గర దగ్గర గుంపులను రెండు మూడు జత చేసి, పేర్లు ముందే రాసుకుని, పదిమంది ఖాయమని ముందురోజు రాత్రి అక్కకు చెప్పడం. ఇద్దరు ముగ్గురిని అదనంగా సిద్ధం పెట్టుకోవడం. ఇంత చిన్న పనికి ప్రాజెక్టు రిపోర్టులో ఏం పేరు పెట్టాలో మాకు చివరిదాకా తెలియలేదు.

జ్వరం విషయంలో అబద్ధం ఆడొద్దు. "ఏమీ కాదు, చీమ కుట్టినట్టు ఉంటుంది" అని చెప్పిన చోట మర్నాడు ఇద్దరు ముగ్గురు ఒళ్లు నొప్పులతో పడుకుంటే, ఆ కబురు మనకన్నా ముందే పక్క ఊరికి చేరుతుంది. ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగాడు: "సూది ఏసినంక జరమొస్తే నా ఎడ్లను ఎవడు తోలతడు?" ఇది అపోహ కాదు, అవగాహన లోపం అంతకన్నా కాదు. రెండు రోజుల పని పోతుందన్న లెక్క. జ్వరం రావచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, ఇదిగో పారాసిటమాల్ అని చెప్పి, ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లందరికీ ఒకే రోజు వేయకుండా చూశాం. వీలైతే ఆ రెండు రోజులకు సరిపడా బియ్యం, పప్పు టీకా తర్వాత ఇంటికి పంపండి. బహుమతిలా చూపించి ఊరించడం మాత్రం నాకు నచ్చదు. ఇస్తామంటే అనుమానం ఇంకా పెరుగుతుంది: ఊరికే ఎందుకిస్తారు అని.

పిల్లలు పుట్టరట, రెండేళ్లలో పోతారట లాంటి మాటలకు మేం తెచ్చిన రంగు రంగుల పోస్టర్లు పనిచేయలేదు. వేసుకుని రెండు నెలలు దాటిన అదే గుంపు మనిషి కోయ భాషలో మాట్లాడితే ఫోన్లో రికార్డు చేసి, సిగ్నల్ లేనిచోట బ్లూటూత్‌తో ఒకరి నుంచి ఒకరికి పంపించాం. అది నడిచింది. గర్భిణులకు 2021 జూలైలో అనుమతి వచ్చింది గానీ వాళ్లను ఒప్పించడం కష్టమైంది. అత్తలు ఒప్పుకుంటే కోడళ్లు వచ్చారు, అంతే.

ఇంకోటి. టీకా వేసుకోకపోతే రేషన్ ఆపేస్తారు, పింఛన్ ఆపేస్తారు అనే మాట మా వైపు తిరిగింది. కొన్నిచోట్ల అది కింది సిబ్బంది నోటి నుంచే వచ్చింది. ఆ దెబ్బకు కొందరు సూదికి వచ్చారు, కొందరు తెల్లకోటు కనిపిస్తే అడవిలోకి పోయారు. మీ సంస్థ పేరు ఆ బెదిరింపు పక్కన ఎప్పుడూ కనిపించకూడదు.

రెండో డోసు వలస కూలీలకు పెద్ద చిక్కు. కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 2021 మే నుంచి 12–16 వారాలు చేశారు. మిర్చి కోతలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లు అంతకాలం ఉండరు. పైగా ఒక ఫోన్ నంబర్ మీద నలుగురినే ఎక్కించే వీలుండటంతో పేర్లు మేస్త్రీ నంబర్ మీదో, మా నంబర్ మీదో ఉంటాయి. సొంతూరికి పోయాక ఆ ఓటీపీ ఎవరికి వస్తుంది? మేం కాగితం చీటీ మీద పేరు, టీకా రకం, తేదీ, రిఫరెన్స్ ఐడీ, ఏ నంబర్‌తో నమోదైంది, మళ్లీ ఎప్పుడు వేసుకోవాలి అనేవి హిందీలో కూడా రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాం. అక్కడ మన ఆశాల్లాంటివాళ్లను మితానిన్ అంటారు, ఆమెకు చూపించమని చెప్పాం. రాష్ట్ర సరిహద్దుల దగ్గర పనిచేసే సంస్థలు రెండువైపులా ఫోన్ నంబర్లు ముందే పెట్టుకుంటే ఇది ఇంకా బాగా జరుగుతుంది.

ఇప్పుడు కొనడం సంగతి. 2021 జూన్ 21 నుంచి తయారైన టీకాల్లో పాతిక శాతం ప్రైవేటు ఆసుపత్రులకు కేటాయించారు. అక్కడ అప్పట్లో డోసు కోవిషీల్డ్ 780 రూపాయలు, కోవాగ్జిన్ 1,410. సంస్థలు, కంపెనీలు పేదలకు కొనిచ్చేలా ఎలక్ట్రానిక్ వోచర్ల ఏర్పాటు కూడా చేశారు. కానీ ఆ ఆసుపత్రులు ఉన్నది ఎక్కువగా నగరాల్లో. ఆ పాతిక శాతంలో చాలా భాగం వాడకమే కాలేదు. ఇద్దరికి రెండేసి డోసులు కొనే డబ్బుతో ఓ ఆటోను రోజంతా మాట్లాడుకుని నడవలేని ముసలివాళ్లను ప్రభుత్వ శిబిరానికి తీసుకెళ్లవచ్చు. నగరంలో ఉన్న సంస్థ అయితే, చెత్త ఏరుకునేవాళ్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్ల లాంటి ఏ సంఘంలోనూ లేనివాళ్ల పేర్లు జాబితాలో ఎక్కించడం మీద పడండి. తెలంగాణలో 2021 మే చివరి నుంచి ఆటో డ్రైవర్లు, కూరగాయల వ్యాపారులు, గ్యాస్ డెలివరీ చేసేవాళ్లు లాంటి వృత్తులవారికి ప్రత్యేకంగా వేశారు. మంచి ఆలోచనే. కానీ అలాంటి జాబితాకు ఎక్కాలంటే లైసెన్సో, కార్డో, సంఘం నాయకుడో ఉండాలి.

"న్యాయంగా" అన్నది మీ జిల్లాతోనే ఆగేది కాదనీ నాకు తెలుసు. హైదరాబాద్‌లో తయారైన కోర్బెవాక్స్‌ను చూడండి. అమెరికాలోని టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు పేటెంట్ పెట్టకుండా ఆ పరిజ్ఞానం ఇస్తే బయలాజికల్ ఇ సంస్థ టీకా చేసింది. ఆ ఆసుపత్రి లాభాపేక్ష లేని సంస్థే. పద్ధతి మెచ్చుకోదగ్గదే గానీ అనుమతి వచ్చింది 2021 డిసెంబర్ చివర్లో, అప్పటికి దేశంలో వంద కోట్ల డోసులు దాటి రెండు నెలలైంది. చివరికి 2022 మార్చి నుంచి 12–14 ఏళ్ల పిల్లలకు ఉపయోగపడింది.

నిధుల గురించి ఒక ఆచరణాత్మకమైన మాట. 2020లో విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్ఏను సవరించాక, విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పెద్ద సంస్థ నుంచి మీకు డబ్బొస్తుందని లెక్కేసుకుంటే రెండో వేవ్‌లో మాకెదురైన టెన్షనే మీకూ ఎదురవుతుంది. ఆ డబ్బు ఇక్కడి చందాలతోనో, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులతోనో ముందే చూసుకోండి.

మహమ్మారి వచ్చేదాకా ఆగక్కర్లేదు. బుధ, శనివారాల్లో సబ్ సెంటర్లలో, అంగన్‌వాడీల్లో పిల్లలకు టీకాలు వేస్తారు. అక్కడి రిజిస్టర్‌లో ఏ గుంపు, ఏ బస్తీ పిల్లలు ఎప్పుడూ తప్పిపోతున్నారో చూస్తే, 2021లో తప్పిపోయిందీ చాలావరకు ఆ ఇళ్లవాళ్లేనని మా వైపు తేలింది. మండలం మొత్తానికి ఇంత శాతం అన్న లెక్కలో ఇది కనబడదు, గుంపుల వారీగా చూడాల్సిందే. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) మెడికల్ ఆఫీసర్‌ను కలిసి, ఆ పేర్లు వెతికి పట్టుకొచ్చే పని మేం చేస్తాం అని అడగండి. సిబ్బంది కొరత ఎక్కడైనా ఉన్నదే కాబట్టి మామూలుగా కాదనరు.