మొదటిసారి ఓటేయబోతున్న మా బుజ్జికి

వెస్ట్ డె మోయిన్, అయోవా

బుజ్జీ,

పౌరసత్వ ప్రమాణం చేసి, చేతిలో చిన్న జెండా పట్టుకుని దిగిన ఫొటో పంపావు కదా. మీ పెదనాన్న దాన్ని ప్రింటు తీయించి ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఆ రాత్రే ఫోన్ చేసి, "పెద్దమ్మా, 2028లో ఎవరు గెలుస్తారు, నేనెవరికి వేయాలి?" అన్నావు. ఫోన్‌లో తేలే సంగతి కాదని అప్పుడు మాట దాటేశాను. నలభై ఏళ్లుగా ఈ అయోవాలో ఉన్నాను. అధ్యక్ష పదవికి పోటీ పడేవాళ్లు మా ఊరి కాఫీ కొట్లదాకా వచ్చి జనంతో మాట్లాడి వెళ్లడం చూశాను. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నను రెండు చేసుకో. ఎవరు గెలుస్తారన్నది ఒకటి, ఆ కుర్చీకి ఎవరు తగినవాళ్లన్నది ఇంకొకటి. అల్లుడి వాట్సాప్ గ్రూపులో రోజంతా నలిగేది మొదటిదే, కానీ ఇంత ముందుగా అది ఎవరికీ తెలియదు. 2007లో దేశవ్యాప్త సర్వేలు చాలావరకూ డెమోక్రాట్లలో హిల్లరీ క్లింటన్, రిపబ్లికన్లలో రూడీ జూలియానీ ముందున్నారన్నాయి. ఇద్దరిలో ఒక్కరికీ పార్టీ టికెట్ దక్కలేదు. 2015లో రిపబ్లికన్ జెబ్ బుష్ కోసం పెట్టిన సూపర్ పాక్, అంటే ప్రచారానికి విరాళాలు పోగేసే సంస్థ, ఆరు నెలల్లో 10 కోట్ల డాలర్లకు పైగా పోగేసింది. సౌత్ కరోలైనాలో ప్రైమరీ, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, అయిన రాత్రే ఆయన తప్పుకున్నారు. 1988 జులైలో డెమోక్రాట్ అభ్యర్థి డుకాకిస్ 17 పాయింట్లు ముందున్నాడని పేపర్లో చదివాను, అప్పటికి నాకింకా ఓటు లేదు. నవంబర్‌కి వచ్చేసరికి 40 రాష్ట్రాల్లో ఓడిపోయాడు. అందుకని ఇప్పుడు రిపబ్లికన్లలో వాన్స్ అనీ, రూబియో అనీ, డెమోక్రాట్లలో న్యూసమ్ అనీ, షపీరో అనీ వినపడే పేర్లను గుర్తు పెట్టుకో, అంతే. ఎవరెన్ని పాయింట్లు ముందున్నారో చూసుకుంటూ నిద్ర పాడు చేసుకోకు.

రెండో ప్రశ్నకి జవాబు ఎలా వెతకాలో నాకు ఒక బడి జిమ్‌లో తెలిసింది. 2008 జనవరి 3 రాత్రి, బయట ఎముకలు కొరికే చలి, లోపల కాకస్, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకోడానికి ఊళ్లోవాళ్లు కూడే సభ. అప్పట్లో డెమోక్రాట్ల కాకస్‌లో చీటీలూ పెట్టెలూ ఉండేవి కావు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. నీకు నచ్చిన వాళ్ల మూలకి వెళ్లి అందరి ముందూ నిలబడాలి, తలలు లెక్కపెడతారు. 15 శాతం అందని గుంపు చెదిరిపోయి ఇంకో గుంపులో కలవచ్చు. మా గుంపుకి అందలేదు. బాస్కెట్‌బాల్ గీతల మీద ఎటు పోవాలో తోచక నిలబడ్డాం. అన్ని మూలల నుంచీ ఇరుగుపొరుగు వాళ్లే వచ్చి చుట్టూ మూగారు. ఒకాయన ఆరోగ్య బీమా గురించి చెప్పాడు. ఒకావిడ మొదటి మహిళా అధ్యక్షురాలిని చేద్దాం రమ్మంది. మా వెనకింటి పెద్దావిడ మాత్రం నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది: "2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి సెనేట్ 77-23తో సరేనంది. ఇప్పుడు పోటీలో ఉన్న క్లింటన్, ఎడ్వర్డ్స్ ఇద్దరూ సరేనన్నవాళ్లే. అదే నెలలో షికాగోలో ఒక సభలో నిలబడి ఒబామా ఆ యుద్ధం వద్దన్నాడు. అప్పుడు దేశం ఊపంతా యుద్ధం వైపే ఉంది. సెనేట్‌కి వెళ్లాలనుకుంటున్న మనిషికి ఆ మాట వల్ల ఒరిగేదేమిటో నువ్వే చెప్పు."

నేను ఒబామా మూలకి నడిచాను. ఆవిడ చెప్పిన పద్ధతి మాత్రం ఆ రాత్రితో పోలేదు. తర్వాత రెండు పార్టీలకూ ఓటేశాను గానీ, ఎప్పుడు వేసినా ముందు అదే వెతుక్కున్నాను: తనకి నష్టం వచ్చే రోజున ఈ మనిషి ఏం చేశాడు? 2008 అక్టోబర్‌లో మినెసోటాలో, ఒబామాకి పోటీగా నిలబడ్డ రిపబ్లికన్ జాన్ మెకెయిన్ సభ జరుగుతుంటే ఒకావిడ మైకు తీసుకుని ఒబామా అరబ్బు అంది. మెకెయిన్ మైకు వెనక్కి తీసుకుని, కాదమ్మా, ఆయన మర్యాదస్తుడు, కుటుంబీకుడు, నాకూ ఆయనకూ ఉన్నది అభిప్రాయ భేదమే అన్నాడు. ఆ సభలో ఆయన సొంత మనుషులే ఆయన్ని చూసి అరిచారు. టీవీలో అది చూస్తూ మీ పెదనాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలాంటివి అభ్యర్థుల ప్రకటనల్లో కనబడవు, నువ్వే తవ్వుకోవాలి.

ఆ జనవరి రాత్రి అయోవాలో ఒక్క శాతం కూడా రాక పోటీ వదులుకున్నవాళ్లలో జో బైడెన్ ఒకరు. పన్నెండేళ్ల తర్వాత అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఒకసారి ఓడారు కదా అని ఎవరినీ లెక్కలోంచి తీసేయకు.

ఇక నీకు దగ్గరి సంగతి. గ్రీన్ కార్డు కోసం నువ్వు ఎన్నేళ్లు ఎదురుచూశావో, వీసా స్టాంపింగ్ భయంతో అమ్మమ్మ కర్మకాండలకి కూడా వెళ్లలేక ఎంత ఏడ్చావో నాకు తెలుసు. ఒక దేశం వాళ్లకి 7 శాతం దాటి ఇవ్వకూడదన్న పరిమితే దానికి మూలం. ఉద్యోగాల మీద వచ్చేవాళ్లకి దాన్ని ఎత్తేసే బిల్లును 2019 జులైలో ప్రతినిధుల సభ 365-65తో గెలిపించింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ వేరే రూపంలో ఒప్పుకుంది. రెండిటినీ కలపకుండానే ఆ కాంగ్రెస్ గడువు అయిపోయింది. ఒకసారి మన తెలుగువాళ్ల ఇంట్లో విరాళాల విందుకి వచ్చిన ఒక నాయకుడు ఈ క్యూ సంగతి తేల్చేస్తానన్నాడు. "ఆ బిల్లు వచ్చినప్పుడు మీరు ఎటు ఓటేశారు?" అని అడిగాను. నా భుజం తట్టి, మంచి ప్రశ్న అని చెప్పి, ఫొటో వైపు తిరిగిపోయాడు. ప్రతినిధుల సభలో ఎవరు ఎటు వేశారో పేరు పేరునా రికార్డులో ఉంది. సెనేట్‌లో మాత్రం పేర్లు పిలవకుండా ఏకగ్రీవంగా కానిచ్చారు. కాబట్టి సెనేటర్లను ఇంకా గుచ్చి అడగాలి.

ఒక నోటుబుక్కు పెట్టుకో. పేజీకి ఒక అభ్యర్థి, మధ్యలో గీత. ఎడమవైపు అన్నది, కుడివైపు చేసింది. 2024 జూన్‌లో ట్రంప్ ఒక పాడ్‌కాస్ట్‌లో, ఇక్కడ కాలేజీ చదువు పూర్తయిన విదేశీ పిల్లలకి డిగ్రీతో పాటే గ్రీన్ కార్డు ఇవ్వాలన్నారు. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము పెట్టారు. బైడెన్ వచ్చీ రాగానే 2021లో ఇమిగ్రేషన్ మార్పుల ప్రతిపాదన పంపారు. రెండు సభలూ సొంత పార్టీ చేతుల్లో ఉన్నా అది ఎక్కడా నెగ్గలేదు. ఇప్పుడు వినపడుతున్నవాళ్లకీ అంతే. న్యూసమ్, షపీరోల్లా గవర్నర్లుగా చేసినవాళ్లవి బడ్జెట్లు, వీటోలు చూడు. వాన్స్ అయితే ఉపాధ్యక్షుడిగా సెనేట్‌లో 50-50 వచ్చినప్పుడు వేసిన ఓట్లు చూడు. 2025 జులైలో పెద్ద పన్నుల బిల్లు ఆయన ఓటుతోనే గట్టెక్కింది. విదేశాలకు నగదు రూపంలో పంపే డబ్బు మీద 1 శాతం పన్ను అందులోదే. ఆ బిల్లు నచ్చినా నచ్చకపోయినా అది ఆయన ఖాతాలో రాయాల్సిందే.

ఉషా వాన్స్ పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు. 2020లో కమలా హారిస్ అమ్మగారిది చెన్నై అని మనవాళ్లెంత సంబరపడ్డారో తెలుసుగా. సంబరం తప్పేం కాదు, నాకూ కలిగింది. ఓటు దగ్గర మాత్రం మనవాళ్లన్న మాట పక్కన పెట్టు తల్లీ. నీ నోటుబుక్కులో ఏ పేజీలోనూ దానికి చోటు లేదు.

వయసు, ఆరోగ్యం కూడా చూసుకో. 2024లో బైడెన్ గురించి ఆ సంగతి పైకి అనడానికి చాలామంది మొహమాటపడ్డారు. జూన్ 27 డిబేట్‌లో దేశమంతా కళ్లారా చూసింది. జులై 21న బైడెన్ తప్పుకున్నారు. కొత్త అభ్యర్థికి మిగిలింది మూడున్నర నెలలే.

మీ నార్త్ కరోలైనా గురించి కూడా చెప్పాలి. అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లు అక్కడ 16. 2008లో ఒబామా సుమారు 14 వేల ఓట్లతో గట్టెక్కాడు. 2024లో మీవాళ్లు అధ్యక్ష పదవికి ట్రంప్‌ని, గవర్నర్ పదవికి డెమోక్రాట్ జోష్ స్టైన్‌ని ఒకే రోజు గెలిపించారు. పార్టీ చూసి గుడ్డిగా వేసే జనం కాదన్నమాట. నువ్వు ఏ పార్టీలోనూ చేరకుండా అన్‌అఫిలియేటెడ్‌గా నమోదు చేసుకుంటే ప్రైమరీలో ఏదో ఒక పార్టీ బ్యాలెట్ ఎంచుకోవచ్చు. ప్రైమరీని మాత్రం వదలకు. నవంబర్‌లో నీ ముందుకొచ్చే పేర్లు అక్కడే ఖాయమవుతాయి. మనవాళ్లలో చాలామంది దాన్ని పట్టించుకోకపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అన్నిటికన్నా, వీలైతే మనిషిని ఎదురుగా చూడు. 2011 ఆగస్టులో మా స్టేట్ ఫెయిర్‌లో, గడ్డి మోపుల మధ్య వేదిక మీద, రిపబ్లికన్ టికెట్ కోసం పోటీ పడుతున్న మిట్ రామ్నీ మాట్లాడుతుంటే ముందు వరసలోవాళ్లు పన్నుల గురించి నిలదీశారు. కంపెనీలూ మనుషులే మిత్రమా అనేశాడాయన. ఆ మాట ఎన్నికల దాకా ఆయన్ని వదల్లేదు. నేను చూసింది ఇంకొకటి: జనం అరుస్తున్నా ఆయన వేదిక దిగి పోలేదు, వాళ్లకి జవాబు చెబుతూనే ఉన్నాడు. టీవీ ఆ ఒక్క ముక్కే పదే పదే చూపించింది. అక్కడ ఉంటే రెండూ కనబడతాయి.

2027 ఆగస్టులో మళ్లీ ఆ గడ్డి మోపుల దగ్గరికి వాళ్లంతా వస్తారు. పిల్లాణ్ణీ అల్లుణ్ణీ తీసుకుని రా, పై గది మీకే ఉంచుతాను. ఎండ మండిపోతుంది, టోపీలు తెచ్చుకోండి. ఎవరిని ఏం అడగాలో మాత్రం మీ ఇంట్లోనే కూర్చుని రాసుకుని రా. నీ ప్రశ్న ఒక్క వాక్యంలో ఉండాలి, అంతకు మించి వాళ్లు ఆగరు.

మీ పెద్దమ్మ