డాక్టర్ సలహా: పొద్దున తగ్గి మాపటికి వచ్చే జ్వరం

ప్రశ్న: మాది కల్యాణదుర్గం దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు, శెనక్కాయ చేలో కలుపు పనికి పోతుంది. ఆరు రోజులుగా జ్వరం. పొద్దున బాగానే ఉంటుంది, మాపటికి ఒళ్లు కాలిపోతుంది. థర్మామీటరు మాత్రం 99 దాటదు. వైడల్ అనే రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అన్నారు. నిజమేనా?

జవాబు: ముందు థర్మామీటరు సంగతి చూద్దాం. మీరు చంకలో పెడుతున్నారనుకుంటా. చాలామంది రవిక మీదుగానే దూర్చేస్తారు. మొన బట్టకు తగులుతుంది, ఒంటికి తగలదు. చెమట తుడిచి, మొన చంక లోతులో చర్మానికి ఆనించి, చెయ్యి గట్టిగా అదిమి పట్టుకోమనండి. బీప్ వినపడేదాకా తీయొద్దు. అలా చూసినా నోటికన్నా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా తక్కువే చూపిస్తుంది. నాలుక కింద పెట్టడం మేలు. టీ తాగి ఉంటే అరగంట ఆగండి. అక్కడ 100.4 ఫారన్‌హీట్ ఉంటే జ్వరమే.

పారాసిటమాల్ వేశాక చూస్తే మాత్ర పనితనమే కనిపిస్తుంది. వేసే ముందు చూసి, పాత క్యాలెండరు వెనక టైము, అంకె, వేసిన మాత్ర రాయండి. రోజుకు నాలుగుసార్లు జ్వరం చూస్తే చాలు.

రోజు విడిచి రోజు వణుకుతో వచ్చి చెమటతో దిగితే మలేరియా, రోజురోజుకీ మెట్లెక్కినట్టు పెరిగితే టైఫాయిడ్ అని మేం చదువుకున్నాం. మాత్రలు పడ్డాక ఆ తీరు చెదిరిపోతుంది. పైగా మాపటికి కాస్త వేడెక్కడం ఆరోగ్యవంతులకూ ఉంటుంది. అందుకే వేళను బట్టే జబ్బు పేరు చెప్పలేం. ఒక్క వైడల్‌ను నేను నమ్మను. ఎప్పుడో వచ్చి పోయిన ఇన్ఫెక్షన్‌కు కూడా అది పాజిటివ్ చూపించవచ్చు. టైఫాయిడ్ అనుమానానికి రక్తం కల్చర్ (రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) చేయాలి, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందైతే మంచిది.

మీ అమ్మగారి విషయంలో నాకు స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంది. గడ్డిలో, పొదల్లో ఉండే సన్నటి నల్లిపురుగు (మంచాల్లో ఉండే నల్లి కాదు) కుడితే వస్తుంది. చంకలు, నడుము, రొమ్ముల కింద, గజ్జల్లో బీడీ కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చూడండి. నొప్పి ఉండదు, అందుకే ఆమెకే తెలియకపోవచ్చు. పెచ్చు లేకున్నా జబ్బు లేదని కాదు.

ఆరు రోజులైంది కాబట్టి ఈరోజే ఆసుపత్రికి తీసుకుపోండి. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం, తెరిపి లేని వాంతులు ఉంటే రాత్రయినా ఆగొద్దు. ఆ క్యాలెండరు కాగితం వెంట తీసుకెళ్లి, చేలో పని చేస్తుందని డాక్టరు అడగకున్నా మీరే చెప్పండి.