వెన్నులు కోస్తున్నది గిజిగాడేనా?

ప్రశ్న: వరి పాలు పోసుకుంటోంది. గట్టు మీద ఈతచెట్ల నిండా గిజిగాడి గూళ్లే. చేలో దుబ్బులు తెగి పడుతున్నాయి. గూళ్లు దులిపేయమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: గూళ్ల జోలికి వెళ్లకండి. మీరు పంపిన ఫొటోలో పిలకలు నేలకు జానెడు లోపే, కత్తితో ఏటవాలుగా నరికినట్టు తెగి ఉన్నాయి. పిట్ట ముక్కుకి అది సాధ్యం కాదు. ఇది పందికొక్కు పని. పొద్దున్నే గట్టు వెంట నడిచి చూడండి, కొత్తగా తోడిన మట్టికుప్పలు కనిపిస్తాయి. తవ్వితే లోపల మీ వెన్నులే దొరుకుతాయి. తిన్నది తినగా మిగిలింది దాచుకుంటుంది మరి.

గిజిగాడు పైనుంచి తింటాడు. వెన్ను చేనిలోనే నిలబడి ఉంటుంది, గింజలు మాత్రం నలిగి పాలు కారి తెల్లబడతాయి. అదీ ఎక్కువగా చెట్ల పక్క మడుల్లోనే. గూడు అల్లే రోజుల్లో మగపిట్ట వరి ఆకు అంచు కొరికి ముక్కుతో లాగి పీచులా చీల్చుకుపోతుంది. చీలిన ఆకులు చూసి కంగారు పడతారు కానీ దిగుబడికి దాని వల్ల పోయేదేమీ లేదు. పైగా పిల్లలకు పెట్టేది మిడతల్నీ పురుగుల్నీ.

ఇప్పుడు మందు కలిపిన నూకలు ఎరగా పెట్టినా లాభం తక్కువ. చేనంతా గింజ ఉండగా పందికొక్కు నూకలు ముట్టదు. సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసేయండి. తెల్లారేసరికి తెరుచుకున్నవే బతికున్న కన్నాలు. వాటిలోకి గడ్డి పొగ యంత్రంతో రెండు మూడు నిమిషాలు పొగ పట్టించండి. పొగ బయటికొచ్చే ప్రతి రంధ్రాన్నీ బురదతో మూయాలి, లేకపోతే శ్రమంతా వృథా. ఎలుకలు పట్టే బుట్టలు కూడా పెట్టించండి. పక్క రైతులూ అదే రోజు చేయాలి. మీ ఒక్క చేలో చేస్తే వారంలో పక్క గట్టు నుంచి వచ్చి చేరతాయి.

పిట్టల కోసం మెరిసే రిబ్బన్ చాలు. పైరుకి మూరెడు ఎత్తులో, కాస్త మెలితిప్పి, ఈతచెట్ల వైపు కట్టండి. ముందే కడితే అలవాటుపడిపోతాయి కాబట్టి గింజ పాలు పోసుకునేటప్పుడే కట్టాలి.

వచ్చే పంటకి పొట్ట దశ (వెన్ను ఇంకా ఆకు తొడిమ లోపలే ఉండే దశ) రాకముందే 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల బ్రోమోడయోలోన్ అనే ఎలుకల మందు (0.25 శాతం) కలిపి, 15 గ్రాముల పొట్లాలు కట్టి కన్నం లోపలికి తోయండి. గట్టు మీద చల్లితే కోళ్లూ పిట్టలూ తింటాయి.