ఊహించుకో, కానీ బూట్ల దాకానే

బుజ్జీ,

రోజూ పడుకునే ముందు కళ్ళు మూసుకుని, పది కిలోలు తగ్గిపోయినట్టు ఊహించుకుంటున్నానని, నెల దాటినా మార్పేమీ లేదని రాశావు. చదివి నవ్వొచ్చింది. నీ మీద కాదు, నా మీద. యాభై దాటాక డాక్టరు షుగర్ అంచుల్లో ఉందని చెప్పినప్పుడు నేనూ అదే చేశాను. పాత ప్యాంటు మళ్ళీ పట్టడం, చూసినవాళ్ళు "ఏం చేశారండీ?" అని అడగడం... సినిమా బ్రహ్మాండంగా నడిచేది. తృప్తిగా నిద్రపోయేవాణ్ణి. తెల్లారి నడకకు మాత్రం లేచేవాణ్ణి కాదు.

తర్వాత తెలిసింది, ఇది నా ఒక్కడి జబ్బు కాదని. గాబ్రియేల్ ఎట్టింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బరువు తగ్గాలనుకున్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధన 1991లో వచ్చింది. తగ్గగలమన్న నమ్మకం ఉన్నవాళ్ళు బాగానే తగ్గారు. అంతా హాయిగా జరిగిపోయినట్టు తియ్యగా ఊహించుకున్నవాళ్ళు మాత్రం తక్కువ తగ్గారు. మనసుకి ముందే కడుపు నిండిపోతే ఇక కాళ్ళెందుకు కదులుతాయి?

అలాగని ఊహించుకోవడం మానకు, చూసేది మార్చు. సన్నబడ్డ బుజ్జిని ఒక్క క్షణం చూసి పక్కన పెట్టు. రేపు పొద్దున్న చెయ్యబోయే పనిని చూడు. అలారం మోగింది. చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చింది. అరికాలికి నేల చల్లగా తగిలింది. గుమ్మం దగ్గర బూట్లున్నాయి, ఎడమదాని లేసు చిక్కుపడింది, విసుక్కుంటూ విప్పుతున్నావు. గొళ్ళెం చప్పుడైంది. వీధి మలుపు దాకా వెళ్ళేసరికి ఒళ్ళు వెచ్చబడింది. అక్కడితో ఆపెయ్. రెండు నిమిషాలు చాలు.

అలారం నొక్కేసి మళ్ళీ ముసుగుతన్నే బుజ్జిని కూడా చూడాలి, అదే అసలు పని. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లై ఈదుతుంటే మైకేల్ ఫెల్ప్స్ కళ్ళజోడులోకి నీళ్ళు చేరాయి, ఏమీ కనబడలేదు. చేతి వేట్లు లెక్కపెట్టుకుంటూ ఈది, ప్రపంచ రికార్డుతో స్వర్ణం కొట్టాడు. ఏదైనా బెడిసికొడితే ఏం చెయ్యాలో కూడా మనసులో ముందే ఈదిపెట్టుకునే అలవాటు ఆయనది. మనకి ఒలింపిక్స్ అక్కర్లేదు గానీ, "వానొస్తే మెట్లెక్కి దిగుతాను", "రాత్రి ఆలస్యమైతే పది నిమిషాలే నడుస్తాను" అని ముందే తేల్చుకుంటే పొద్దున్నే మనతో మనం వాదించుకోవాల్సిన పని ఉండదు.

లక్ష్యం కిలోల్లో కాకుండా నిమిషాల్లో పెట్టుకో. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో ఒళ్ళు వంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెబుతుంది. నువ్వు యాభైతో మొదలుపెట్టు. అన్నట్టు, డాక్టరు ఏ మందైనా రాసి ఉంటే అది వేసుకోవాల్సిందే, ఊహ దానికి బదులు కాదు.

కళ్ళు మూసుకుంటే ఏ బొమ్మా రావడం లేదా? టెన్షన్ పడకు. కొందరికి చీకటి తప్ప ఏమీ కనబడదు, దానికి అఫాంటేసియా అని పేరు కూడా ఉంది. మీ అత్తయ్య ఆ రకమే. మర్నాడు చెయ్యాల్సింది రాత్రి ఓ చీటీ మీద రాసుకుంటుంది, అంతే. నా కంటే తనే ఎక్కువ రోజులు నడిచింది, ఆ మాట నాకు గుర్తు చేస్తూనే ఉంటుంది.

ఆదివారం ఫోన్ చేస్తాను. ఎంత తగ్గావని అడగను, ఎన్నిసార్లు గుమ్మం దాటావో చెప్పు. ఆ లేసు చిక్కు మాత్రం ఈ రాత్రే విప్పి పెట్టుకో.

మీ మావయ్య