గ్రీన్‌కార్డు మీద ఉన్న అమ్మకు జ్యూరీ సమన్లు వచ్చాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పదిహేనేళ్లుగా టెక్సస్‌లో, డాలస్ శివారులో ఉంటున్నాం. నాకూ నా భార్యకూ అమెరికా పౌరసత్వం ఉంది. 68 ఏళ్ల మా అమ్మ గ్రీన్‌కార్డు మీద మా దగ్గరే ఉంటోంది. రాష్ట్ర గుర్తింపు కార్డు తీసుకున్న ఏడాదికి ఆమెకు జ్యూరీ సమన్లు వచ్చాయి, అదే వారం నా భార్యకూ వచ్చాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఆ కాగితాన్ని పక్కన పడేయవచ్చా? మా బాబుకు ఐదేళ్లు. నా భార్య వెళ్లక తప్పదా?

జవాబు: దయచేసి పక్కన పడేయకండి. మీ అమ్మగారు జ్యూరీలో, అంటే కోర్టులో కేసు విని తీర్పు చెప్పే సాధారణ పౌరుల బృందంలో, కూర్చోవడానికి అర్హురాలు కారు గాని, ఆ సంగతి కోర్టుకు తెలిసేది మీరు ఫారం నింపి పంపినప్పుడే. టెక్సస్‌లో జ్యూరీకి పిలవవలసిన పేర్లను ఓటర్ల జాబితా నుంచీ, డ్రైవింగ్ లైసెన్సు లేదా రాష్ట్ర గుర్తింపు కార్డు ఉన్నవారి జాబితా నుంచీ తీసుకుంటారు కాబట్టి, పౌరులు కానివారికి కూడా అప్పుడప్పుడు సమన్లు వెళ్తుంటాయి. సమన్లు వచ్చినంత మాత్రాన ఆమె ఏదో తప్పు చేసినట్టూ కాదు, ఆమెను పౌరురాలిగా గుర్తించినట్టూ కాదు. జవాబివ్వకుండా ఊరుకుంటే మాత్రం 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా పడవచ్చు.

సమన్లతో వచ్చిన ఫారంలో అనర్హతలూ మినహాయింపులూ వేర్వేరుగా ఉంటాయి. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వల్లనే చాలామంది చిక్కుల్లో పడుతున్నారు. 18 ఏళ్లు నిండనివారు, అమెరికా పౌరులు కానివారు, ఆ కౌంటీలో (మన జిల్లా వంటిది) నివాసం లేనివారు, చదవడం రాయడం రానివారు, ఫెలొనీ (తీవ్రమైన నేరం) గాని దొంగతనం గాని చేసినట్టు రుజువైనవారు లేదా అటువంటి అభియోగం ఎదుర్కొంటున్నవారు అనర్హులు. వారు ఇష్టపడినా కూర్చోకూడదు. మినహాయింపు అలా కాదు. అర్హత ఉన్న మనిషి తన పరిస్థితిని బట్టి కోరుకునేది, వద్దనుకుంటే వదులుకోగలిగేది.

మీ అమ్మగారిది అనర్హత. ఇంగ్లీషు రాదనో, పెద్ద వయసనో రాసి ఊరుకోకుండా, పౌరసత్వం లేదని తెలిపే గడిలోనే టిక్కు పెట్టించండి. వయసును బట్టి మినహాయింపు కోరాలంటే టెక్సస్‌లో 75 ఏళ్లు దాటాలి కనుక ఆ దారి ఆమెకు ఎలాగూ లేదు. సంతకం ఆమెదే కావాలి. ఆ సంతకం కింద చెప్పినదంతా నిజమనే ప్రమాణం ఉంటుంది గనుక ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదివి వినిపించాకే పెట్టించండి. పంపే ముందు రెండు వైపులా ఫొటో తీసి దాచండి. తొందరలో పౌరురాలినన్న గడిలో టిక్కు పడితే అది పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడం కింద లెక్కకు రావచ్చు. వలస చట్టం ఇంత కఠినంగా చూసే తప్పులు తక్కువ, దేశం నుంచి పంపివేసే దాకా పోవచ్చు.

మీ భార్య విషయం వేరు. పన్నెండేళ్ల లోపు బిడ్డ సంరక్షణ తనమీద ఉండి, తాను జ్యూరీకి వెళ్తే బిడ్డను చూసేవారు లేకుండా పోతారన్నప్పుడు ఆమె మినహాయింపు కోరవచ్చు. చట్టంలోని ఈ రెండో మాటను గమనించండి. మీ అమ్మగారు ఇంట్లోనే ఉండి రోజూ బాబును బడి నుంచి తెచ్చి అన్నం పెడుతున్నట్లయితే, చూసేవారు లేరని సంతకం చేయడం నిజం కాదు. అటువంటప్పుడు తేదీ వాయిదా కోరడం సరైన పని. జ్యూరీకి వెళ్లినందుకు శాశ్వత ఉద్యోగిని తొలగించడం టెక్సస్‌లో చట్టవిరుద్ధం. ఆ రోజుల జీతం ఇవ్వాలన్న నిర్బంధం మాత్రం ప్రైవేటు సంస్థలకు లేదు. కోర్టు ఇచ్చే భత్యం మొదటి రోజుకు కనీసం 20, తరువాత రోజుకు కనీసం 58 డాలర్లు. ఇవి రాష్ట్ర కోర్టుల నియమాలు. ఫెడరల్ కోర్టు (కేంద్ర ప్రభుత్వ కోర్టు) నుంచి సమన్లు వస్తే నియమాలు కొంత మారతాయి. అక్కడ ఇంగ్లీషు రావాలన్న షరతు చట్టంలోనే ఉంది.

మీ భార్య వెళ్తే మంచిదని నా అభిప్రాయం. మన దేశంలో 1959లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో బొంబాయి జ్యూరీ 8–1తో నిర్దోషి అన్నా హైకోర్టు ఆ తీర్పును నిలబెట్టలేదు; 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. అందుకే జ్యూరీ అంటే మనలో చాలామందికి అనుభవం లేక భయం. ఇక్కడ నిందితుడి భవితవ్యం తేల్చే ఆ గదిలో మనవాళ్లూ ఉండాలి.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పి తీరాలి. పౌరులం కామని జ్యూరీ ఫారంలో చెప్పినవారి పేర్లు టెక్సస్‌లో ఓటర్ల నమోదు అధికారికి వెళ్తాయి. తప్పించుకోవడానికి అలా రాసే పౌరులకు ఓటు హక్కు చిక్కులో పడుతుంది. మీ అమ్మగారి పేరు పొరపాటున ఓటర్ల జాబితాలో ఉంటే అదీ అప్పుడు బయటపడుతుంది. అందువల్ల గుర్తింపు కార్డు తీసుకున్న రోజున ఓటరు నమోదు గడిలో ఎవరైనా టిక్కు పెట్టించారేమో మీ అమ్మగారిని అడగండి, రాష్ట్ర వెబ్‌సైటులో ఆమె పేరు వెతకండి. పేరు కనిపిస్తే మీ అంతట మీరు ఏమీ రాయకుండా, పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు పెట్టకుండా, ముందు వలస చట్టం చూసే న్యాయవాదిని కలవండి; ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అన్న ప్రశ్న ఆ దరఖాస్తులో కూడా ఉంటుంది.