నీ స్ట్రెయిన్ ఇంకో ల్యాబ్‌లోనూ పెరగాలి

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పీహెచ్‌డీ మూడో ఏడు నడుస్తోంది, మొదటి పేపరుకు ఏడు సైటేషన్లే (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) వచ్చాయి, నా పనికి అసలు ఇంపాక్ట్ ఉందా అని అడిగావు. ఆ టెన్షన్ నాకు తెలుసు. కానీ ఆ లెక్క ఇప్పుడే చూసుకోకు.

1987లో ఇషినో, ఆయన సహచరులు ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఐఏపీ అనే జన్యువును సీక్వెన్స్ చేశారు, అంటే దాని డీఎన్ఏ అక్షరాల వరస చదివారు. జన్యువు అయిపోయిన చోట వాళ్లకొక వింత కనిపించింది. 29 అక్షరాల వరస ఒకటి, 32 అక్షరాల ఎడంతో, మళ్లీ మళ్లీ వస్తోంది. వాళ్లు వెతుకుతున్నది అది కాదు. అయినా వదిలెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు పేపర్లో వేసి, దీని పనేమిటో తెలియదని రాశారు. ఆ ఎడాల్లోని కొన్ని ముక్కలు ఫేజ్‌ల (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌ల) డీఎన్ఏతో సరిపోతున్నాయని 2005లో బయటపడింది. ఫేజ్‌ల నుంచి బ్యాక్టీరియా తనను కాచుకునే ఏర్పాటు అదేనని 2007లో స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ అనే బ్యాక్టీరియా మీద ప్రయోగంతో రుజువైంది. ఇవాళ క్రిస్పర్ అంటున్నది, జన్యువులను మార్చడానికి వాడుతున్నది దాన్నే. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఇక్కడ ఆ నిలకడకు ఇరవై ఏళ్లు పట్టింది. అందుకే నీ సీక్వెన్స్‌లో అర్థం కానిది కనిపిస్తే దాచకు, ఊహతో నింపకు. ఉన్నది రాయి, తెలియదని కూడా రాయి.

ఇక నీ మ్యుటెంట్ (జన్యువు మారిన బ్యాక్టీరియా) సంగతి. జన్యువు తీసేస్తే బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతోందని రాశావు, జన్యువును తిరిగి పెట్టి చూశానని మాత్రం రాయలేదు. అది చెయ్యకుండా పేపర్ పంపకు. నా చదువు రోజుల్లో నేనూ ఒక జన్యువు తీసేస్తే, నా ఈ.కోలై ఉప్పు ఎక్కువున్న మీడియంలో పెరగడం మానేసింది. నాలుగు నెలలు అదే సంబరంలో ఉన్నాను, సెమినార్‌లో కూడా చెప్పేశాను. ఆ తర్వాత జన్యువును ప్లాస్మిడ్ (విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద తిరిగి ఇచ్చి, మూడు స్ట్రెయిన్లనూ, అంటే మూడు రకాల బ్యాక్టీరియానూ, ఒకే ప్లేట్‌లో పక్కపక్కన గీశాను. మర్నాడు పొద్దున ఇంక్యుబేటర్ తలుపు తీస్తే మామూలు స్ట్రెయిన్ గీత నిండా కాలనీలు, మ్యుటెంట్ గీత ఖాళీ, జన్యువు తిరిగి ఇచ్చిన మూడో గీతా ఖాళీయే. జన్యువు తిరిగి వచ్చినా పెరగలేదంటే, నేను తీసేసిన జన్యువుకూ ఆ లక్షణానికీ సంబంధమే లేదు. స్ట్రెయిన్ తయారుచేసేటప్పుడు ఇంకెక్కడో వేరే మ్యుటేషన్ చేరింది. ఆ ప్లేట్ చేతిలో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నీకు ఇప్పుడు మాకంటే సులువు. పీ1 ఫేజ్‌తో ఆ డిలీషన్‌ను (జన్యువు తీసేసిన మార్పును) కొత్త స్ట్రెయిన్‌లోకి మార్చి చూడు. దానితోపాటు స్ట్రెయిన్ జీనోమ్‌ను, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, సీక్వెన్స్ చేయించు. 1997లో ఈ.కోలై కే-12 అనే స్ట్రెయిన్ జీనోమ్‌లోని 46 లక్షల అక్షరాలు చదివి ప్రచురించడమే పెద్ద వార్త. ఇవాళ అది ల్యాబ్‌లో మామూలు పరీక్షగా మారింది.

ఇంపాక్ట్ అంటే నా దృష్టిలో నీ ట్యూబ్ ఇంకొకరి ఫ్రీజర్‌లోకి వెళ్లడం, అక్కడ కూడా నువ్వు చెప్పినట్టే పెరగడం. 2006లో వచ్చిన కేయో కలెక్షన్ చూడు. ఈ.కోలైలో ఒక్కో జన్యువు తీసేసి 3,985 మ్యుటెంట్లు కట్టారు. గొప్ప సిద్ధాంతమేదీ అందులో లేదు, కానీ ప్రపంచమంతా వాటిని తెప్పించుకుని ప్రయోగాలు చేసింది, ఇప్పటికీ చేస్తోంది. నీ స్ట్రెయిన్లకు గ్లిజరాల్ స్టాక్ (గ్లిజరాల్ కలిపి గడ్డకట్టించి దాచే నమూనా) రెండు చోట్ల పెట్టు. ట్యూబ్ మీద నెంబరు, తేదీ చెరిగిపోకుండా రాయి. ఎవరడిగినా పంపు.

పనిలో చెయ్యి వేసిన ప్రతి ఒక్కరి పేరూ రాయి. ఇది నాకు చాలా ముఖ్యం. 1952లో ఎస్తర్ లెడర్‌బర్గ్, జాషువా లెడర్‌బర్గ్ రెప్లికా ప్లేటింగ్ పద్ధతి ప్రచురించారు. స్టెరైల్ చేసిన వెల్వెట్ గుడ్డను ప్లేట్ మీద అద్దితే, దాని నూగు కొసలకు ప్రతి కాలనీ నుంచీ కాస్త అంటుకుంటుంది. దాన్నే యాంటీబయాటిక్ ఉన్న ప్లేట్ మీద అద్దితే, తట్టుకునే కాలనీ మొదటి ప్లేట్‌లో ఎక్కడుందో తెలిసిపోతుంది. అంటే మందు తగలకముందే ఆ మ్యుటెంట్ అక్కడ ఉందన్నమాట. లాంబ్డా ఫేజ్‌ను కనిపెట్టింది కూడా ఎస్తరే. 1958 నోబెల్ అందుకున్నవాళ్లలో జాషువా ఉన్నారు, ఆమె లేరు. నీ పేపర్లో అలా జరగనివ్వకు.

తర్వాత ఏ ప్రశ్న పట్టుకోవాలని అడిగావు. 2016లో వీలైనంత తక్కువ జన్యువులతో బతికే కణాన్ని కట్టినప్పుడు, దాని 473 జన్యువుల్లో 149 ఏం చేస్తాయో తెలియలేదు. అవి లేకపోతే కణం బతకడం కష్టం, పని మాత్రం తెలియదు. అలాంటి జన్యువుల్లో ఒక్కదాని పని తేల్చినా నీ పీహెచ్‌డీకి చాలు.

ముందు మాత్రం జన్యువు తిరిగి పెట్టి ప్లేట్ వెయ్యి. మూడో గీతలో కాలనీలు వచ్చినా రాకపోయినా ఫోటో నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు