రంగుల తోటకూరలో రంగు ఎందుకు పోయింది?

ప్రశ్న: జులైలో ఎనిమిది కుండీల్లో అందం కోసం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కలిసిన రంగుల తోటకూర వేశాను. మొదట్లో తల భాగం ఎర్రగా మెరిసింది. ఎండకు వాడిపోతుందని వరండాలోకి మార్చి, పది రోజులకోసారి చెంచాడు యూరియా వేస్తున్నాను. మొక్క ఏపుగానే ఉంది కానీ రంగు పోయింది. ఆకుల అడుగున తెల్లటి పొక్కులు వస్తున్నాయి. ఏం చేయాలి?
– ఓ గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, మీ మొక్కకు జబ్బు కన్నా ముద్దు ఎక్కువైంది. బీట్‌రూట్‌కు ఎరుపునిచ్చే బీటాలెయిన్లే ఈ ఆకులకూ రంగునిస్తాయి. నీడలో పెట్టి, యూరియా రూపంలో నత్రజని ఎక్కువ వేస్తే ఆకుపచ్చదనం పెరిగి ఆ ఎరుపు వెలిసిపోతుంది. కూర కోసం పెంచే మడికి యూరియా వేస్తామంటే అక్కడ ఆకు బరువు కావాలి కాబట్టి. మీకు కావాల్సింది రంగు. అందుకని యూరియా పూర్తిగా ఆపేయండి. కుండీలను మూడు నాలుగు రోజుల్లో మెల్లగా, రోజుకు కనీసం 6 గంటలు నేరుగా ఎండ పడే చోటికి చేర్చండి. మధ్యాహ్నం ఆకులు కాస్త వాలినా టెన్షన్ పడకండి, సాయంత్రానికి లేస్తాయి. పాత ఆకులు మళ్లీ ఎర్రబడవు, కొత్త చిగురును గమనించండి. పూత కంకి కనిపించగానే గిల్లేస్తే ఆకుల అందం ఇంకొన్నాళ్లు నిలుస్తుంది.

పొక్కులు తెల్లమచ్చ తెగులువి. ఆకు పైన అదే చోట పసుపు మచ్చ కనిపిస్తుంది చూడండి. ఆకులు తడిగా ఉంటే త్వరగా పాకుతుంది. మచ్చలున్న ఆకులు తుంచి కాల్చేయండి, కుండీలు ఎడంగా పెట్టండి, నీళ్లు పొద్దున్నే, ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే పోయండి. ఇంకా పాకితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సిక్లోరైడ్ కలిపి ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. మందు కొట్టిన మొక్కల ఆకు మాత్రం కూరకు కోయొద్దు.

వచ్చే ఏటికి విత్తనం దాచుకునేట్లయితే ఒక మాట. ఇదీ మనం కూర వండుకునే తోటకూర జాతే. పక్కనే కూర మడి పూతకు వచ్చి ఉంటే గాలికి పుప్పొడి కలిసి, మీ విత్తనం నుంచి కలగాపులగం మొక్కలు వస్తాయి. ఆ విత్తనం గసగసాల కంటే పెద్దదేమీ కాదు, పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లండి. నాలుగు ఆకుల దశలో ఆకుపచ్చగా తేలినవాటిని పీకి పప్పులో వేసుకోండి.